బడి మెసేజ్‌లన్నీ వేటకు వెళ్లిన నాన్న ఫోన్‌కు పోతున్నాయి, అమ్మ నంబర్ ఎక్కించడం ఎలా?

పెదజాలారిపేట అమ్మ:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, పెదజాలారిపేట. ఇంటి ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. బాబు ఆరో తరగతి, పాప రెండో తరగతి. ఇద్దరూ ఒకే ప్రైవేటు స్కూల్. మా ఆయన ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే మెకనైజ్డ్ బోటులో పని చేస్తారు. ఒకసారి వేటకు వెళ్తే పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. ఒడ్డు దాటి కొంత దూరం పోయాక ఫోన్ పనిచేయదు.

జరిగింది చెప్తాను. పోయిన నెలలో ఒక బుధవారం. స్కూల్ యజమాని ఇంట్లో ఎవరో పోయారని పదకొండున్నరకే బడి వదిలేశారు. "వచ్చి పిల్లలను తీసుకెళ్లండి" అని మెసేజ్ పెట్టారు. అది మా ఆయన ఫోన్‌కు వెళ్లింది. ఆయన వేటకు వెళ్లి అప్పటికి ఆరు రోజులు. నేను ఇంట్లోనే ఉన్నాను, బడికి రెండు కిలోమీటర్ల దూరంలో, మిషన్ ముందు. నాకేమీ తెలియదు.

మా బాబుకు నా నంబర్ నోటికి వచ్చు. ఆఫీసులో చెప్పాడట. రికార్డులో ఉన్న నంబర్‌కే చేస్తాం అన్నారట. ఆ నంబర్‌కు రెండుసార్లు చేశారు, కలవలేదు. మిగతా పిల్లలంతా వెళ్లిపోయారు. రోజూ వచ్చే ఆటో నాలుగింటికి గానీ రాదు. అప్పటిదాకా ఆయమ్మ వీళ్ల పక్కనే వరండాలో కూర్చుంది, ఆ తల్లికి నేను రుణపడి ఉంటాను. ఇంటికి వచ్చాక పాప నా కొంగు వదల్లేదు. "అమ్మా, మమ్మల్ని మర్చిపోయావనుకున్నాను" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఆయన నంబర్ ఎందుకు ఇచ్చారని అడుగుతారేమో. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అడ్మిషన్లు జరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఏడాదిలో ఆయన వరుసగా రెండు నెలలు ఇంట్లో ఉండేది అప్పుడే కాబట్టి, ముచ్చటగా తానే వెళ్లి ఫారం నింపారు. ఫారంలో ఫోన్ నంబర్‌కు ఒకటే గడి. తన నంబర్ రాశారు. జూన్ 12న బడి తెరిచారు, 15న ఆయన బోటు ఎక్కారు. మా వీధిలో ఎవరింట్లో చూసినా ఇదే కథ.

ఇప్పుడు నా దగ్గరా స్మార్ట్ ఫోన్ ఉంది. స్కూల్ యాప్ వేసుకున్నాను. తెరవబోతే ఓటీపీ మళ్లీ ఆయన ఫోన్‌కే వెళ్తుంది. నంబర్ మార్చమని ఆఫీసుకు వెళ్లి అడిగితే, "పాత నంబర్‌కు వచ్చిన ఓటీపీ చెప్పండి, లేదంటే ఫాదర్ వచ్చి సంతకం పెట్టాలి" అని పంపేశారు. ఆయన ఒడ్డున ఉండేది రెండు మూడు రోజులు. ఆ రోజుల్లో వల పని, ఐసు పని, డీజిలు పని ఉంటాయి. రెండుసార్లు అనుకున్నాం, రెండుసార్లూ కుదరలేదు.

పైగా మెసేజ్‌లన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. నేను ఇంటర్ వరకు చదివాను, కూడబలుక్కుని చదువుతాను. మా పక్కింటి ఆవిడకు తెలుగు చదవడం కూడా రాదు. పిల్లలతో ఉండేది మేము, మాట్లాడాల్సింది మాతో. దీనికి దారి ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

కూర్మన్నపాలెం నాన్న:

చెల్లెమ్మా, మా ఇంట్లోనూ ఇదే గొడవ. నాది స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని, షిఫ్ట్ డ్యూటీ. డ్యూటీలో ఉన్నంతసేపు ఫోన్ నా దగ్గర ఉండదు. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవను. ఒకసారి మా వాడికి జ్వరం వస్తే స్కూల్ వాళ్లు నాకు ఎనిమిదిసార్లు చేశారు, వంటింట్లో ఉన్న మా ఆవిడకు ఒక్కసారీ చేయలేదు. అప్పటి నుంచి డైరీ మొదటి పేజీలో ఆమె నంబర్ స్కెచ్ పెన్‌తో పెద్దగా రాసి, క్లాస్ టీచర్‌కు చూపించి సంతకం పెట్టించుకున్నాను. యాప్ సంగతి తేలేదాకా ఇదైనా వెంటనే చేయండి.

మధురవాడ పేరెంట్:

మీ బాధ అర్థమైంది. పాప మాట చదివి నాకూ కష్టంగా అనిపించింది. కానీ స్కూల్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. పిల్లవాడు చెప్పిన ఏ నంబర్‌కైనా ఫోన్ చేసి, వచ్చినవాళ్లకు పిల్లలను అప్పగిస్తే రేపు ఏమైనా జరిగితే ఎవరు బాధ్యులు? తల్లిదండ్రులు విడిగా ఉంటున్న ఇళ్లు ఉన్నాయి, కోర్టులో తేలని గొడవలు ఉన్నాయి. రికార్డులో ఉన్న నంబర్ తప్ప ఇంకోటి వాడం అనడం పిల్లల మంచికే. నేనైతే ఆ నిబంధన తీసేయమని అడగను.

మన వైపు నుంచి కూడా కొంత నేర్చుకోక తప్పదు. 2025లో ప్రభుత్వం మన మిత్ర అనే వాట్సాప్ సేవ మొదలుపెట్టాక పరీక్షల హాల్ టికెట్లు కూడా వాట్సాప్‌లో వచ్చేస్తున్నాయి. ఇక ముందు అన్నీ ఫోన్‌లోనే.

పెదజాలారిపేట అమ్మ:

అన్నయ్యా, డైరీ సంగతి ఇవాళే చేస్తాను.

మధురవాడ వారికి: నిబంధన తీసేయమని నేనూ అడగడం లేదండి. నా పిల్లలను ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకూడదు, అది నాకు ధైర్యమే. ఆ రికార్డులోకి నన్ను ఎక్కించమంటున్నాను. నేర్చుకోవడానికీ నేను సిద్ధం. ఫోన్ కొనుక్కున్నాను, యాప్ వేసుకున్నాను, తలుపు దగ్గరే ఆగిపోయాను.

సిరిపురం సపోర్ట్:

మేడమ్, స్కూళ్లకు మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లు సపోర్ట్ పని చేశాను. రోజూ గుమస్తాలతో మాట్లాడటమే నా పని. లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అప్పుడు ఆఫీసులో ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

జూన్‌లో స్కూల్ వాళ్లు పిల్లల వివరాలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో నింపి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు. నేను చూసిన వాటిలో చాలా వరకు తండ్రి నంబర్, తల్లి నంబర్ అని రెండు గడులు ఉంటాయి. అడ్మిషన్ ఫారంలో ఒకటే గడి ఉంటే గుమస్తా ఒకటే నింపుతాడు, రెండోది ఖాళీగా ఉండిపోతుంది. పాత నంబర్ ఓటీపీ కావాలన్నది, మీరు మీ ఫోన్‌లో మీరే మార్చుకునే పద్ధతికి. ఆఫీసు కంప్యూటర్‌లో అడ్మిన్ లాగిన్ నుంచి మారిస్తే మామూలుగా ఆ ఓటీపీ అవసరం ఉండదు. కుదరదని గుమస్తా అన్నది ఆయనకు తెలియకే అయి ఉంటుంది. మా కాలంలో ఈ ఒక్క విషయం మీదే రోజుకు నాలుగైదు ఫోన్లు వచ్చేవి. "అడ్మిన్ లాగిన్ నుంచి మదర్ మొబైల్ గడిలో నా నంబర్ ఎక్కించండి, లాగిన్ కూడా ఆ నంబర్‌కు ఇవ్వండి" అని ఇదే మాటల్లో అడగండి.

ఇంకొకటి. మెసేజ్ పంపగానే గుమస్తా స్క్రీన్ మీద "సెంట్" అని పడుతుంది. సెంట్ అంటే ఇక్కడి నుంచి వెళ్లింది అని మాత్రమే. అవతలి ఫోన్‌కు చేరిందా లేదా అన్నది డెలివరీ రిపోర్ట్ అని వేరే చోట ఉంటుంది. ఫోన్‌కు సిగ్నల్ లేకపోతే టెలికాం కంపెనీ ఆ ఎస్సెమ్మెస్‌ను కొంతసేపు దాచి ఉంచి మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది, గడువు దాటితే వదిలేస్తుంది. అందుకే మీ ఆయన ఒడ్డుకు వచ్చాక కొన్ని ఒకేసారి వస్తాయి, కొన్ని ఎప్పటికీ రావు. ఆ బుధవారం డెలివరీ రిపోర్ట్ తెరిచి చూపించమనండి. నా అనుభవంలో స్కూళ్లు ఆ రిపోర్ట్ తెరవడం చాలా అరుదు. ఒక్కసారి తెరిచి చూస్తే మీ ఒక్కరి నంబరే కాదు, చేరని నంబర్లన్నీ కనిపిస్తాయి.

ఇంగ్లిష్ ఎందుకంటే, ఖర్చు. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాల వరకు ఒక మెసేజ్ లెక్క. తెలుగు అయితే 70కే ఒక మెసేజ్ అయిపోతుంది. అందులోనూ గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "విశాఖపట్నం" కంటికి ఐదు అక్షరాలు, మెసేజ్ లెక్కలో పది. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌లో సరిపోయే సంగతికి తెలుగులో రెండు మూడు మెసేజ్‌ల డబ్బు కట్టాలి. దానికి తోడు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం స్కూళ్లు పంపే ఎస్సెమ్మెస్‌ల నమూనా వాక్యాలను ముందే రిజిస్టర్ చేయించాలి. స్కూల్ వాళ్లు అప్పటికప్పుడు తోచింది టైప్ చేసి పంపలేరు, ఖాళీల్లో తేదీ, పేరు నింపుతారంతే. చాలా స్కూళ్లు మొదటి ఏడాది ఎవరో రాసిచ్చిన "డియర్ పేరెంట్" నమూనాలతోనే ఇప్పటికీ నడుపుతున్నాయి. తెలుగు నమూనాలు కూడా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఇక యాప్‌లో వచ్చే నోటీసుకు అక్షరాల లెక్కన డబ్బు ఉండదు. అందులో తెలుగు రాయకపోవడానికి ఖర్చు అడ్డం కాదు, అలవాటు అడ్డం.

మీ పక్కింటి ఆవిడ లాంటి వాళ్లకు వాయిస్ కాల్ ఉంది. టీచర్ గొంతుతో అర నిమిషం రికార్డు చేసి ఒకేసారి అందరికీ పంపవచ్చు. మామూలు కీప్యాడ్ ఫోన్‌కు కూడా వస్తుంది. మీ స్కూల్ తీసుకున్న ప్యాకేజీలో ఉందేమో అడగండి.

భీమిలి టీచర్:

అమ్మా, నేను భీమిలి వైపు ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మా పిల్లల్లోనూ సగం మంది వేటకు వెళ్లే ఇళ్ల వాళ్లే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు గదా. ఆ రోజు మా బడికి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది అమ్మలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. సాయంత్రం రిజిస్టర్ తీసి చూస్తే నా తరగతిలో 38 మందికి గాను 29 మంది పిల్లల పేర్ల పక్కన నాన్న నంబరే ఉంది. ఎదురుగా కూర్చుని నాతో మాట్లాడి వెళ్లినవాళ్లలో చాలామంది నంబర్ నా దగ్గర లేదు. అది చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఏడాదిగా నేను పంపిన మాటలన్నీ ఎక్కడికి పోయినట్టు?

ఆ మర్నాటి నుంచి ఒక పాత లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఒక్కో బిడ్డకు ఒక పేజీ. ఇంట్లో ఎవరు ఉంటారు, ఎవరికి ముందు చేయాలి, ఎన్నింటికి ఫోన్ ఎత్తగలరు, చదవగలరా, వినాలా. "ఎన్నింటికి" అన్నది చాలా ముఖ్యమమ్మా. చేపలు అమ్ముకునే తల్లికి పొద్దున తొమ్మిదికి చేస్తే ఎలా ఎత్తుతుంది? మధ్యాహ్నం రెండు దాటాక చేస్తే తీరిగ్గా మాట్లాడుతుంది. సెలవో, పరీక్షో ఉంటే నేను ఇప్పుడు రాయను, వాట్సాప్‌లో తెలుగులో మాట్లాడి వాయిస్ పెడతాను.

అందులోనూ ఒక చిక్కు వచ్చింది. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో, అంటే ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే జాబితాలో పెట్టి పంపుతుంటే తొమ్మిది మంది అమ్మలకు ఏమీ వెళ్లడం లేదు. ఎందుకో రెండు వారాలు తెలియలేదు. నా నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ చేరుతుందట. ఒక్కొక్కరి ఫోన్ తీసుకుని నేనే సేవ్ చేసి ఇచ్చాను. మీరూ స్కూల్ నంబర్, క్లాస్ టీచర్ నంబర్ ముందే సేవ్ చేసుకోండి.

గ్రూపు కన్నా ఇది నాకు ఎందుకు నచ్చుతుందంటే, గ్రూపులో ఒకరి బిడ్డ మార్కులు ఇంకొకరు చూస్తారు. ఫీజు బాకీల పేర్లు గ్రూపులో పెట్టే స్కూళ్లు ఉన్నాయని విన్నాను. ఆ పని ఎవరు చేసినా తప్పే. బాకీ సంగతి ఆ ఇంటికి మాత్రమే చెప్పాలి.

ఇక మీరు చేయాల్సింది. ప్రభుత్వ బడుల్లో అయితే 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అక్కడ లేచి అడగవచ్చు. ప్రభుత్వ ఎయిడ్ లేని ప్రైవేటు స్కూళ్లకు ఆ నిబంధన వర్తించదు కాబట్టి మీరు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. తెలుగులోనే రాయండి. పిల్లల పేర్లు, తరగతులు. మొదట ఫోన్ చేయాల్సింది తల్లికి, ఈ నంబర్. రెండోది తండ్రికి, ఆ నంబర్. ఇద్దరూ దొరకకపోతే పిల్లలను తీసుకెళ్లడానికి మేము ఒప్పుకున్న మనిషి ఫలానా, ఈ నంబర్, ఇదిగో ఫోటో. మధురవాడ వారు చెప్పిన భయం నిజమే కాబట్టి ఈ మూడో పేరు రాతలో ఉండటం అందరికీ మంచిది. మీ ఆయన ఒడ్డుకు వచ్చిన రోజు ఇంట్లోనే సంతకం పెట్టించండి, ఆయన స్కూల్‌కు రానక్కర్లేదు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు తేదీ వేయించుకోండి.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. బడి ఎప్పుడు తెరుస్తామో గేటు పక్క గోడ మీద సుద్దతో రాశాం. పిల్లల ఇళ్లు ఎక్కడో తెలిసిన టీచర్లు నడిచి వెళ్లి చెప్పి వచ్చారు. అందుకే నంబర్లు యాప్‌లో ఎన్ని ఉన్నా కాగితం మీద కూడా ఒక ప్రతి ఉండాలంటాను.

పెదజాలారిపేట అమ్మ:

అందరికీ దండాలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి.

తుఫాను హెచ్చరిక ఉంటే బోట్లన్నీ ముందే ఒడ్డుకు వచ్చేస్తాయి కాబట్టి అప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటారు టీచర్ గారూ. మాకు కష్టం మామూలు రోజుల్లోనే. ఆయన మొన్న ఒడ్డుకు వచ్చిన రోజు రాత్రి అన్నం తింటూనే దరఖాస్తు మీద సంతకం పెట్టారు. మర్నాడు నేనే తీసుకెళ్లాను. గుమస్తా గారు మొదట పాత మాటే చెప్పారు. "అడ్మిన్ లాగిన్ నుంచి మదర్ మొబైల్ గడి" అన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి కంప్యూటర్ వైపు తిరిగారు. ఆ గడి నిజంగానే ఖాళీగా ఉంది. డెలివరీ రిపోర్ట్ ఎక్కడుందో ఆయనకు తెలియదు, కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుని తెరిచారు. ఆ బుధవారం మా నంబర్‌తో పాటు ఇంకా 26 నంబర్లకు మెసేజ్ చేరలేదు. అది చూసి ఆయనే లేచి వెళ్లి ప్రిన్సిపాల్ మేడమ్‌ను పిలుచుకు వచ్చారు. ఆవిడ ఏమీ వాదించలేదు. కొత్త ఫారంలో రెండు గడులు పెట్టిస్తానన్నారు. తెలుగు సంగతి మాత్రం "చూద్దాం" అన్నారు.

అక్కడే కూర్చుని నా ఫోన్‌లో యాప్ తెరిచాను. ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది. జూన్ నుంచి చదవని నోటీసులు 61 ఉన్నాయి. ఫీజులు, సెలవులు, డ్రెస్ కొలతలు. మధ్యలో పాప క్లాస్ టీచర్ పెట్టింది ఒకటి, ఆగస్టు నాటిది. పాప బోర్డు దగ్గరికి వెళ్లి చూసి రాసుకుంటోంది, ఒకసారి కళ్లు చూపించండి అని. ఇంగ్లిష్‌లోనే ఉంది గానీ అది నాకు కూడబలుక్కోకుండానే అర్థమైంది. ఈ రెండు నెలలూ, నోట్స్‌లో అక్షరాలు తప్పు ఎక్కించుకుంటున్నావని నేను రోజూ పాపను కసిరాను. టీచర్ చెప్పారు. చెప్పింది నాకు చేరలేదు.

ప్రభుత్వ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. దూరం చూపు సరిగా లేదన్నారు. కళ్లద్దాలు రాశారు. శనివారం వచ్చాయి. పెట్టుకుని మా మేడ మీద నుంచి సముద్రంలో పడవలు లెక్కపెడుతోంది.

మా వీధి నుంచి ఆ స్కూల్‌కు ఇంకా 11 మంది పిల్లలు వెళ్తారు. రేపు సాయంత్రం మిషన్ పని ముగించుకుని ఆ ఇళ్లన్నింటికీ వెళ్లి దరఖాస్తులు నేనే రాసిపెట్టాలని అనుకుంటున్నాను. టీచర్ గారూ, మా పక్కింటి ఆవిడకు సంతకం రాదు. వేలిముద్ర వేయిస్తే స్కూల్లో తీసుకుంటారా?

భీమిలి టీచర్:

తీసుకుంటారమ్మా. ముద్ర పక్కన ఆవిడ పేరు రాసి, కింద "చదివి వినిపించాను" అని మీరు సంతకం పెట్టండి. ఆవిడకు ఫోన్ ఎన్నింటికి చేయాలో, రాత కాదు మాటే కావాలనీ మొదటి వాక్యంలోనే రాయండి. పాపను ముందు బెంచీలో కూర్చోబెట్టమని కూడా రేపే టీచర్‌కు చెప్పండి.